రాత్రి ఫొటోలకు ఐఎస్ఓ పెంచాలా, షట్టర్ తగ్గించాలా?

బతుకమ్మ దగ్గరపడుతోందంటే చాలు, అందరూ అడిగేది ఇదే: "ఐఎస్ఓ 3200 పెడితే గ్రెయిన్ వస్తుంది కదా, 800 దగ్గరే ఆపేసి షట్టర్ స్పీడ్ తగ్గించుకుంటే మేలు కాదా?"

ఐఎస్ఓ అంటే అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, గ్రెయిన్ అంటే ఫొటోలో కనిపించే సన్నటి చుక్కలు, షట్టర్ స్పీడ్ తగ్గించడమంటే వెలుగును ఎక్కువసేపు లోపలికి రానివ్వడం. కదలనివాటికి అది మేలే. రాత్రిపూట చార్మినార్ తీయాలంటే ట్రైపాడ్, ఐఎస్ఓ 100, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8, వెలుగును బట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్. గచ్చుతో చేసిన నగిషీలు గీత గీతా తేలతాయి. అక్కడ ఐఎస్ఓ పెంచాల్సిన పనే లేదు.

మనుషులుంటే మాత్రం లెక్క వేరు. బతుకమ్మ చుట్టూ ఆడేవాళ్లు వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ తిరుగుతూనే ఉంటారు. ఐఎస్ఓ 3200తో షట్టర్ 1/125 సెకను వచ్చే వెలుగులో 800కి దిగితే షట్టర్ 1/30కి పడిపోతుంది. అప్పుడు మధ్యలో పేర్చిన తంగేడు, గునుగు పూలు చక్కగానే వస్తాయి, ముఖాలు సాగిపోతాయి. స్టెబిలైజేషన్ ఆపేది మన చేతి వణుకునే, వాళ్ల కదలికను కాదు. గ్రెయిన్‌ను డీనాయిజ్ సాఫ్ట్‌వేర్ చాలావరకు తగ్గిస్తుంది. చెదిరిన కళ్లను ఏదీ బాగుచేయలేదు. అందుకే నేను ముందు షట్టర్ ఖాయం చేసుకుని, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓను ఎంతదాకా పోతే అంతదాకా పోనిస్తాను.

ఆ షట్టర్ 1/100 అయితే ఇంకా మంచిది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చౌకరకం ఎల్ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. 1/500 పెట్టి చూడండి, ఫొటోకి అడ్డంగా చారలు పడొచ్చు.

ఫ్లాష్ కొడితే దీపాల వెలుగంతా పోతుంది, నేను వాడను. ఫోన్లలో నైట్ మోడ్ చాలా ఫ్రేములను కలుపుతుంది కాబట్టి నిలబడి ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

ఇక షట్టర్ మార్చకుండా తక్కువ ఐఎస్ఓలో చీకటిగా తీసి, ఎడిటింగ్‌లో వెలుగు పెంచే పద్ధతి. గ్రెయిన్‌కు అసలు కారణం ఐఎస్ఓ అంకె కాదు, సెన్సర్‌కు వెలుగు చాలకపోవడం. కాబట్టి ఇలా తీస్తే గ్రెయిన్ తగ్గుతుందని ఆశపెట్టుకోవద్దు. లాభం మరోచోట ఉంది: ఐఎస్ఓ రెట్టింపైన ప్రతిసారీ హైలైట్లలో (బాగా వెలుగున్న చోట్ల) ఒక స్టాప్, అంటే రెండింతల వెలుగును పట్టే జాగా, పోతుంది, సీరియల్ బల్బుల ఎరుపూ పచ్చా తెల్లటి చుక్కలైపోతాయి. ఫ్రేమ్‌లో అలాంటి బల్బులుంటే నేను 3200 బదులు 800లో, అదే షట్టర్‌తో రా ఫైల్ (జేపెగ్‌గా కుదించని సెన్సర్ డేటా) తీసి, తర్వాత రెండు స్టాప్‌లు లేపుతాను. సోనీ ఏ7 త్రీ లాంటి బాడీల్లో 640 దగ్గర సెన్సర్ రెండో గెయిన్‌కు (సంకేతాన్ని పెంచే, నాయిస్ తక్కువుండే స్థాయికి) మారుతుంది కాబట్టి ఆపైన తీసింది లేపినా తేడా దాదాపు తెలియదు. పాత డీఎస్ఎల్ఆర్‌లలో కొన్నింటికి ఈ పద్ధతి సరిపడదు, లేపగానే నీడల్లో గీతలు బయటపడతాయి. మీది అలాంటిదైతే కెమెరాలోనే ఐఎస్ఓ పెంచండి.