కాశిమేడు మెకానిక్ షెడ్డు: చలి కాదు, కేబులు

మాది 28 అడుగుల ఫైబర్ పడవ. గాలం సరదా ఉన్నవాళ్ళని చెన్నై కాశిమేడు రేవు నుంచి సముద్రంలోకి తీసుకెళ్తుంటాను. పోయిన ధనుర్మాసమంతా తెల్లవారుజాము నాలుగున్నర అయ్యిందంటే నాకు ఒకటే టెన్షన్. కస్టమర్లు లైఫ్ జాకెట్లు వేసుకుని కూర్చుని ఉంటారు. నేను తాళం తిప్పితే సెల్ఫ్ బరువుగా మూలుగుతుంది. ఎట్టకేలకు ఇంజన్ అందుకున్నా నిమిషం పాటు తెల్లపొగ, కళ్ళు మండే డీజిల్ వాసన. అదే మధ్యాహ్నమైతే ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది.

అందరూ చలి వల్లే అన్నారు. ఒక షాపువాళ్ళు బ్యాటరీ పోయిందని కొత్తది అంటగట్టారు, 9,000 పోసి కొన్నాను. పది రోజులు పర్వాలేదు, తర్వాత మళ్ళీ అదే మూలుగు. గాలి ఫిల్టర్‌లోకి, ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొట్టమని పక్క పడవతను చెబితే ఆ డబ్బా కూడా కొన్నాను. అప్పుడు మా చిన్నాన్న ఈ షెడ్డు చూపించాడు.

మేస్త్రీది నెల్లూరు వైపు, అరవై దాటిన మనిషి. ఆయన మొదటి మాట, "అబ్బయ్యా, చలిని తిట్టబాక. మంచు దేశాల్లో డీజిల్లోనే మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోద్ది. మన 20 డిగ్రీలకి బాగున్న ఇంజన్ మొరాయించదు. దీనికేదో జబ్బుంది, పగటి వేడికి కనపడటం లా."

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్లో నొక్కుకున్న గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. సెల్ఫ్ నిదానంగా తిరిగితే ఆ వేడిని చల్లటి ఇనుమే తాగేస్తుంది. అందుకే ముందు సెల్ఫ్ సంగతి చూడాలన్నాడు. వేడెక్కిన ఇంజన్ జబ్బు దాచేస్తుందని, రాత్రంతా ఆపి ఉంచమని, తెల్లవారి నాలుగింటికి తనే పడవ దగ్గరికొచ్చాడు. ఈ ఒక్క పనికే ఆయనకి దండం పెట్టొచ్చు.

రాగానే ఇంజన్‌ని చల్లబరచే సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే వాల్వు కట్టేశాడు. స్టార్ట్ కాని ఇంజన్‌కి పదేపదే సెల్ఫ్ కొడితే పంపు లాగిన నీళ్ళని బయటికి నెట్టే పొగ ఉండదట. ఆ నీళ్ళు సైలెన్సర్ నిండి సిలిండర్లోకి ఎక్కుతాయట. నెల రోజులుగా నేను చేస్తున్నది అదే. ఇప్పుడు తల్చుకున్నా గుండె దడ. స్టార్టయిన మరుక్షణం వాల్వు తెరవడం మాత్రం మర్చిపోకూడదు.

తర్వాత నన్ను సెల్ఫ్ కొట్టమని మీటర్ పెట్టాడు. బ్యాటరీ దగ్గర 10.8 వోల్టులు, సెల్ఫ్ మోటార్ దగ్గర 8.3. మధ్యలో రెండున్నర వోల్టులు మాయం. కేబుల్ చివర చుట్టిన నల్ల టేపుని బ్లేడుతో కోసి చూపించాడు. లోపల రాగి తీగలన్నీ చిలకపచ్చ పొడి. వేలితో కదిపితే సగం తీగలు పుల్లల్లా విరిగాయి. పైన టేపు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది! బ్యాటరీ మార్చినవాళ్ళు ఆ చివర చూడనే లేదు.

స్టార్ట్ చేసే ముందు సిలిండర్లని వేడెక్కించే హీటర్ ప్లగ్గులు కూడా ఒక్కొక్కటే మీటర్ పెట్టి చూశాడు. నాలుగింటిలో రెండు చచ్చిపోయాయి. తెల్లపొగ అక్కడిదే, కాలకుండా ఆవిరై పోతున్న డీజిల్. స్ప్రే డబ్బా చూపిస్తే చేతిలోంచి లాక్కున్నాడు. ఎర్రగా కాలిన హీటర్ ప్లగ్గుకి ఈథర్ ఆవిరి తగిలితే టైముకి ముందే పేలి పిస్టన్లు పగులుతాయట.

టిన్ పూత ఉన్న కొత్త రాగి కేబుల్, నాలుగు ప్లగ్గులు, కూలీ కలిపి 6,200 అయ్యింది. ఇప్పుడు హీటర్ పదిహేను సెకన్లు ఉంచి తాళం తిప్పితే చాలు, వెంటనే అందుకుంటోంది.

లోపాలూ ఉన్నాయి. రేటు ముందు చెప్పడు, బిల్లు ఇవ్వడు, ఫోన్ ఎత్తడు. రేపంటే ఎల్లుండి అవుతుంది. చేపల వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, లాంచీలన్నీ రిపేరుకొస్తాయి కాబట్టి మన వంతు రావడం కష్టం. మార్చిలోనే వెళ్ళండి. పాత ప్లగ్గులు, కేబుల్ ముక్కలు అడక్కపోయినా మన చేతికే ఇస్తాడు.