పసుపు మోదుగ కోసం మూడు రోజులు: నిర్మల్, జన్నారం, ఉట్నూరు దారి

మోదుగ అంటే అందరికీ తెలిసినదే. ఫాల్గుణంలో ఆకులన్నీ రాల్చి, నల్లటి కొమ్మలకు నిప్పు అంటుకున్నట్టు పూస్తుంది. అదే మోదుగ ఎక్కడో ఒక్కచోట పచ్చి పసుపుకొమ్ము రంగులో పూస్తుందని చిన్నప్పుడు వృక్షశాస్త్రం పాఠం చెప్పిన మాస్టారు అన్నారు. ఆ మాట మనసులో అలాగే ఉండిపోయింది. ఈ మార్చిలో హోలీకి నాలుగు రోజుల ముందు మా బావమరిదిని వెంటబెట్టుకుని ఆదిలాబాద్ వైపు బయలుదేరాను. చూడగలిగాం. ఎక్కడ ఉన్నాం, దేనికి డబ్బు పెట్టడం దండగ అయింది, ఏది అక్కరకొచ్చింది, వరసగా చెబుతాను. చెట్టు ఏ ఊళ్ళో ఉందో మాత్రం చెప్పను. ఎందుకో మీకే అర్థమవుతుంది.

మొదటి రాత్రి నిర్మల్‌లో. హైదరాబాద్ నుంచి జాతీయ రహదారి 44 మీద బస్సులు ఎడతెరిపి లేకుండా ఉంటాయి, అందుకే అక్కడ దిగాం. పెద్ద రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. తెల్లవార్లూ లారీల హారన్లు. వేడినీళ్ళు ఉన్నాయన్నారు, లేవు. అది సర్దుకోవచ్చు. నాకు కష్టం కలిగించింది ఇంకొకటి. మేం దేనికొచ్చామో కౌంటర్ దగ్గర మాటల్లో చెప్పాం. గంటలో ఒకాయన వచ్చి పసుపు మోదుగ చూపిస్తాను, మూడు వేలు ఇవ్వండి అన్నాడు. పైగా సంచిలోంచి బెరడు ముక్కలు తీసి, ఇంట్లో బీరువాలో పెట్టుకుంటే కలిసొస్తుందని చెప్పి ఒక్కోటి ఐదువందలన్నాడు. ఎండిన బెరడు చూసి అది ఏ రంగు పూసిన చెట్టుదో చెప్పడం ఎవరి తరమూ కాదు. మా బావమరిది ఆ మాటే అడిగితే ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఈ పువ్వు కోసమైతే నిర్మల్‌లో బస పెట్టుకోకండి. పొనికి చెక్కతో చేసే కొయ్యబొమ్మలు చూడాలనుకుంటే పగలు ఒక రెండు గంటలు ఆగండి, చాలు.

రెండోరోజు ఖానాపూర్, కడెం మీదుగా జన్నారం. కడెం జలాశయం గట్టు మీద సాయంత్రం బాగుంటుందట, మేం మిట్టమధ్యాహ్నం చేరాం, ఆగలేదు.

జన్నారం బస నాకు బాగా నచ్చింది. కవ్వాల్ అభయారణ్యాన్ని ఆనుకుని ఉన్న కాటేజీలు, గదికి రోజుకు పద్దెనిమిది వందలు. దోమతెర ఉంది. అన్నం, పప్పు, టమాట పచ్చడి, అడిగితే జొన్నరొట్టె. ఏసీ సరిగ్గా పనిచేయలేదు కానీ మార్చిలో రాత్రిళ్ళు అక్కడ దాని అవసరం రాలేదు. అన్నిటికన్నా, వంట చేసే అక్క తెల్లవారుజామున నాలుగున్నరకే టీ పెట్టి లేపింది. పూలు చూడాలనుకునేవాళ్ళకు అంతకు మించిన సేవ లేదు. ఎండ ఎక్కితే రంగు కళ్ళకు సరిగ్గా ఆనదు, పిట్టలూ వెళ్ళిపోతాయి.

ఇక్కడ మేం చేసిన పొరపాటు చెప్పాలి. అరుదైన పువ్వు కదా, లోపలి అడవిలోనే ఉంటుందని అనుకుని చేరిన రోజు సాయంత్రమే సఫారీ జీపు మాట్లాడుకున్నాం. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. టేకు చెట్లు దట్టంగా ఉన్న అడవి అది. చుక్కల జింకలు కనిపించాయి, నీలుగాయి కనిపించింది, ఇప్పపూలు రాలిన వాసన గుప్పుమంది. మోదుగలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి, అన్నీ కాషాయమే. జీపు నడిపిన తమ్ముడు తిరిగొచ్చేటప్పుడు చెప్పాడు: "మోదుగు కావాల్నంటే అడవిల ఎందుకు సారు? చేన్ల పొంటి పోండ్రి."

నిజమే. మోదుగ వెలుతురు కోరే చెట్టు. చిక్కటి నీడలో అది బాగా పెరగదు. పత్తి పండే నల్లరేగడిలో, బీళ్ళలో, చెరువు వెనకపట్టున నీళ్ళు నిలిచే చోట, చవుడు నేలలో కూడా తట్టుకుని నిలబడుతుంది. కొట్టేసినా మొదలు నుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. అందుకే గట్ల మీద, బాటల పక్కన ఎక్కువ. జంతువులు చూడాలంటే సఫారీకి వెళ్ళండి, మంచిదే. మోదుగ కోసమైతే ఆ డబ్బు ఆటోకు పెట్టండి.

మూడోరోజు అదే చేశాం. రోజంతా ఆటోకు పదిహేను వందలు. ఉట్నూరు దారి పట్టి, మధ్యలో ఊళ్ళలోకి మళ్ళుతూ, కనిపించిన ప్రతి పెద్దమనిషినీ అడిగాం. ముగ్గురు కొండగోగు చూపించారు. తప్పు పట్టడానికి లేదు, అదీ పసుపే, అదీ ఆకులు లేని కొమ్మ చివరే పూస్తుంది. కానీ కొండగోగు పువ్వు ఐదు రేకులతో విప్పారిన గిన్నెలా, అరచేయంత ఉంటుంది, మధ్యలో కేసరాలు కుచ్చులా నిలబడతాయి. గుట్టల మీద, రాళ్ళ మధ్య పెరుగుతుంది. ఆకు వస్తే అరచేతిలా చీలి ఉంటుంది. దాని బంకనూ సేకరిస్తారు. గుళ్ళలో పూజకు వాడతారు కాబట్టే శాస్త్రీయ నామంలో రెలిజియోసమ్ అన్న మాట చేరింది. గొప్ప పువ్వే, ఒక పావుగంట దాని దగ్గరా నిలబడ్డాం. కానీ మేం వెతికేది అది కాదు. రేల కూడా పసుపే, అయితే అది గుత్తులుగా కిందికి వేలాడుతుంది, ఎండలు ముదిరాక పూస్తుంది.

పదిన్నరకు ఒక గూడెం దగ్గర ఒక ముసలాయన ఇప్పపూలు ఆరబోస్తున్నాడు. అడిగితే వెంటనే జవాబు చెప్పలేదు. మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

"గొడ్డలి తెచ్చిండ్రా?"

"లేదు తాతా. చూసి పోతాం."

"సంచి?"

మా బావమరిది భుజాన ఉన్న సంచి విప్పి చూపించాడు. నీళ్ళసీసా, రెండు అరటిపండ్లు, ఒక నోటుపుస్తకం. అప్పుడు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని ముందు నడిచాడు.

రెండు చేల అవతల, పత్తికట్టె పీకేసిన నల్లటి నేల గట్టు మీద ఉంది. దాని చుట్టూ ఐదారు మామూలు మోదుగలు మండిపోతున్నాయి. మధ్యలో ఇదొక్కటే పసుపు. నిమ్మపండు రంగు కాదు, తంగేడు రంగూ కాదు. పసుపు నీళ్ళలో కలిపి తెల్లగుడ్డ ముంచి తీస్తే మొదటి ముంపుకు వచ్చే రంగు. నేను నోట మాట రాక నిలబడిపోయాను.

రాలిన పువ్వు ఒకటి అరచేతిలో పెట్టుకుని చూశాం. పొడవు రెండు అంగుళాలకు లోపే. ఐదు రేకులు: వెనక్కి వాలిన ధ్వజం, పక్కన రెండు బాహువులు, ముందు రెండు కలిసి వంపు తిరిగిన ద్రోణి. ఆ వంపే చిలుక ముక్కు. కింశుకం అన్న సంస్కృత నామానికి "ఇది చిలుకా?" అని అర్థం చెబుతారు, పువ్వు పట్టుకుంటే ఎందుకన్నారో తెలుస్తుంది. రేకుల మీద వెలుతురు పక్కనుంచి పడ్డప్పుడు సన్నటి వెండి నూగు మెరిసింది. ద్రోణిని మెల్లగా విప్పితే పది కేసరాలు, తొమ్మిది కలిసి ఒక్కటి విడిగా. వాసన లేదు. మామూలు మోదుగలో పువ్వును పట్టి ఉంచే గిన్నె నల్ల మఖమలు ముక్కలా ఉంటుంది. ఈ చెట్టులో అది పచ్చదనం కలిసిన లేత గోధుమరంగులో ఉంది. మొగ్గలు విప్పకముందే తేడా తెలిసిపోతుంది. తక్కిన గుర్తులన్నీ ఒకటే: మూడేసి ఆకులు, పలకలాంటి కాయ, కాయ చివర ఒకే గింజ. శాస్త్రీయ నామంలో మోనోస్పెర్మా అన్నది ఆ ఒక్క గింజను బట్టే. ఇది వేరే జాతి కాదు, బ్యుటియా మోనోస్పెర్మాలోనే ల్యుటియా అనే రకం.

మైనాలు, తేనెపిట్టలు కాషాయం చెట్టు మీద ఎంత సందడి చేశాయో దీని మీదా అంతే. అవి పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి కాబట్టి దీని గింజ నాటితే పసుపే పూస్తుందన్న భరోసా లేదు. ఉన్న చెట్టును కాపాడుకోవడం అందుకే అంత ముఖ్యం.

ముసలాయన మమ్మల్ని చెట్టు వెనక్కి తీసుకెళ్ళాడు. నడుము ఎత్తున జానెడు వెడల్పు బెరడు చెక్కేశారు. గాయం నుంచి ఎర్రటి జిగురు కారి గడ్డకట్టింది. కింద ఒక వేరు నరికి ఉంది.

"రాత్రి పూట వస్తున్రు సారు. ఎవలో ఏమో. బంగారం అయితదంటరు."

బెరడు చుట్టూ తిరిగి పోతే ఆకు తయారుచేసిన ఆహారం వేరుకు చేరదు, చెట్టు నిలువునా ఎండుతుంది. ఇంకా సగానికి పైగా బెరడు మిగిలింది, బతుకుతుంది. ఆయన గాయం మీద పేడ, మట్టి కలిపి పూశాడు, చుట్టూ తుమ్మకంప పెట్టాడు.

మోదుగతో పని ఏమిటో ఆయన్ని అడిగితే చేతివేళ్ళు మడిచి చెప్పాడు. ఆకుతో విస్తరి. వేరు నారతో పగ్గం. పువ్వు మరిగించి హోలీ రంగు. గింజ నూరి, కడుపులో పురుగులకు. ఈ ఆఖరిది ఆయుర్వేదంలోనూ ఉంది, కానీ మోతాదు తెలియకుండా చేసేది కాదు. లక్కపురుగును మోదుగ మీద పెంచుతారు, పుల్లలు హోమంలో సమిధలు, ఉపనయనంలో వటువు చేతికి మోదుగ దండం ఇస్తారు. పసుపు మోదుగకు ప్రత్యేకంగా ఏమైనా వాడుక ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు. "చూసుడే సారు. పండుగ నాడు రెండు పూలు పెడ్తం, గంతే."

ఆటోవాలా ఫోనులో ఫొటో తీసి గ్రూపులో పెట్టబోయాడు. ముసలాయన ఏమీ అనకముందే నేనే వద్దని చెప్పాను. ఫొటోతో పాటు స్థలం వివరం కూడా నమోదై బయటికి వెళ్ళే వీలుందని చూపించి, ఆ సదుపాయం ఆపేయించాను. మీరూ వెళ్ళేముందే ఫోనులో అది తీసేయండి. ఊరివాళ్ళు తోడు రాకపోతే చెట్టు దగ్గరికి పోవద్దు. తోడొచ్చినవాళ్ళకు సగం రోజు కూలీ ఇవ్వండి. ఆయన డబ్బు తీసుకోలేదు, అరటిపండ్లు తీసుకున్నాడు. మనవడి పుస్తకాలకని చెబితే రెండువందలు ఆ పిల్లాడి చేతిలో పెట్టనిచ్చాడు.

తిరుగు ప్రయాణం దండేపల్లి, లక్షెట్టిపేట మీదుగా మంచిర్యాల, అక్కడి నుంచి రైలు. వచ్చేటప్పుడూ ఈ దారే పట్టి ఉంటే నిర్మల్ రాత్రి తప్పేది. ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి మూడో వారం వరకు సమయం. తరువాత పూలు రాలి ఆకు వచ్చేస్తుంది, అప్పుడు ఏది పసుపో ఏది కాషాయమో దారినపోయేవాడికి తెలియదు.

బస్సు కిటికీలోంచి లక్షెట్టిపేట దాకా ప్రతి మోదుగనూ చూస్తూనే ఉన్నాను. అన్నీ కాషాయమే. మే నెలలో కాయలు ఎండాక వస్తానని, ఒక గుప్పెడు గింజలు తీసి పెట్టమని తాతకు చెప్పి వచ్చాను. పది గింజలు కుండీల్లో వేస్తాను. మోదుగ పూతకు రావడానికి ఏళ్ళు పడుతుంది. మా బావమరిది కూతురికి ఇప్పుడు నాలుగేళ్ళు, ఆ కుండీలకు నీళ్ళు పోసే పని దానికి ఒప్పజెప్పాం.