ఆర్‌ఎక్స్-8 ట్యాంకులో ఏ టూటీ ఆయిల్ పోయాలి?

"ఏంటన్నా, కారు ట్యాంకులో టూటీ ఆయిల్ పోస్తున్నావు? ఇదేమైనా లూనానా?" అని మొన్న డాలస్ దగ్గర పెట్రోల్ పోయించుకుంటుంటే పక్క పంపు దగ్గరున్న తెలుగు కుర్రాడు అడిగాడు. నా చేతిలో కొలత గీతలున్న చిన్న సీసా, అందులో 200 మి.లీ. నీలం రంగు టూటీ ఆయిల్, అంటే టూ-స్ట్రోక్ ఇంజిన్లకు పెట్రోల్‌లో కలిపే నూనె. కారు మాజ్దా ఆర్‌ఎక్స్-8, 2005 మోడల్. "ఇది రోటరీ తమ్ముడూ, పిస్టన్లు ఉండవు" అన్నాను. అంతలో అతని ట్యాంకు నిండింది, వెళ్లిపోయాడు. అతనికి చెప్పాలనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఇంజిన్‌లో పిస్టన్ బదులు పక్కలు ఉబ్బిన త్రిభుజంలాంటి రోటర్లు రెండు తిరుగుతుంటాయి. ఒక్కోటి 654 సీసీ, రెండూ కలిపి 1308. రోటర్ మూడు మూలల్లో ఎపెక్స్ సీళ్లు, అంటే పక్క గదిలోకి గాలి జారకుండా ఆపే సన్నటి పట్టీలు ఉంటాయి. అవి హౌసింగ్ (రోటర్ తిరిగే డొల్ల) గోడను ఎప్పుడూ ఒరుసుకుంటూనే తిరుగుతాయి. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ రింగులకు కింద నుంచి ఆయిల్ చిమ్ముతూ అందుతుంది. ఇక్కడ ఆ దారి లేదు. అందుకే మాజ్దా వాళ్లు ఒక మీటరింగ్ పంపు పెట్టి, ఇంజిన్ అడుగున సంప్‌లో నిలిచే ఇంజిన్ ఆయిల్‌నే కొద్దికొద్దిగా పెట్రోల్ మండే గదిలోకి పంపిస్తారు. అది సీళ్లను తడిపి, పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది. రోటరీ ఆయిల్ తాగడం జబ్బు కాదు, దాని తయారీయే అంత.

చిక్కల్లా ఇంజిన్ ఆయిల్ కాలడానికి తయారైంది కాకపోవడమే. అందులో కలిపిన లోహపు సంకలనాలు (గుణం పెంచే మందులు) కాలితే బూడిద మిగులుతుంది, అది బరువులో సుమారు ఒక శాతం. నా కారు మొదటి ఇంజిన్ విప్పించినప్పుడు పక్కనే నిలబడి చూశాను. కొత్త ఎపెక్స్ సీలు కింద స్ప్రింగు ఉంటుంది కాబట్టి వేలితో నొక్కితే లోపలికి వెళ్లి వెంటనే పైకి వస్తుంది. నా పాత రోటర్ మీద ఒక సీలు గోరుతో ఎంత నొక్కినా కదల్లేదు. గాడి నిండా నల్లటి మసి గట్టిపడి సీలును పట్టేసింది. కదలని సీలు గోడకు ఆనదు, కంప్రెషన్ (గదిలో గాలిని నొక్కే ఒత్తిడి) పడిపోతుంది. ఆ రోజు నుంచి పెట్రోల్‌లో నూనె కలపకుండా బండి నడపలేదు. పెట్రోల్‌తో కలిసి వెళ్లే నూనె, మీటరింగ్ పంపు ఆయిల్ చిమ్మే నాజిళ్లు తడపని చోటికి కూడా చేరుతుంది. 2009కి ముందు ఆర్‌ఎక్స్-8లలో రోటర్‌కు రెండే నాజిళ్లు, అవీ అంచుల దగ్గర. మధ్యలో మూడోది ఆ తర్వాత వచ్చింది. పాత మోడల్ ఉన్నవాళ్లకు ఇలా నూనె కలపడం మరింత అవసరం.

అయితే ఏ నూనె? అంగడిలో నికరంగా తేల్చుకోవాల్సింది రెండు ప్రమాణాల టూటీ ఆయిళ్ల మధ్య: పడవ ఇంజిన్ల టీసీ-డబ్ల్యూ3, బైకుల జాసో ఎఫ్‌డీ.

టీసీ-డబ్ల్యూ3కి ఉన్న గొప్ప సుగుణం బూడిద లేకపోవడం. మసిని కడగడానికి లోహం లేని నత్రజని ఆధారిత డిటర్జెంట్లు వాడతారు. అమెరికాలో పెద్ద సూపర్ మార్కెట్లలో గ్యాలన్ డబ్బాల్లో దొరుకుతుంది, ధరా తక్కువే. కానీ అది చెరువు నీళ్లతో చల్లబడే పడవ మోటారు కోసం తయారైన నూనె. గాలితో చల్లబడే చైన్ సా మాన్యువల్ తీసి చూడండి, ఈ రకం వాడొద్దని చాలావాటిలో రాసి ఉంటుంది. రోటరీకి కూడా నీళ్ల కూలింగే కదా అంటారు. నిజమే, హౌసింగ్‌కి నీళ్లున్నాయి. కానీ రోటర్‌ను చల్లబరిచేది ఆయిలే. పైగా రోటరీలో మంట ఎప్పుడూ ఒకే వైపు మండుతుంది. స్పార్క్ ప్లగ్గులున్న వైపుకి చల్లగాలి తగిలే వంతే రాదు. అందుకే చల్లటి ఇంజిన్‌లో నెగ్గిన నూనె ఇక్కడా నెగ్గుతుందని నాకు నమ్మకం కుదరదు.

జాసో జపాన్ ప్రమాణం. ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని మెట్లుంటాయి. పొగ విషయంలో ఎఫ్‌సీ, ఎఫ్‌డీ సమానం. మసి కట్టకుండా శుభ్రంగా ఉంచే పరీక్ష మాత్రం ఎఫ్‌డీకి కఠినం. నా రోటర్ మీద నేను చూసిన జబ్బుకు సరిగ్గా కావలసిన గుణం ఇదే. బూడిద బొత్తిగా ఉండదని కాదు, కానీ ప్రమాణం ప్రకారం 0.25 శాతం దాటకూడదు. ఇంజిన్ ఆయిల్‌తో పోల్చి చూసుకోండి. నా ఓటు ఎఫ్‌డీకే. సీసా ముందు వైపు రాసే గొప్పలు వదిలేసి, వెనక లేబుల్ మీద చిన్న పెట్టెలో ఎఫ్‌డీ అని ఉందో లేదో చూసుకుంటే చాలు.

రోటరీల కోసమే జపాన్ కంపెనీ ఇడెమిట్సు వాళ్ల ప్రీమిక్స్ (పెట్రోల్‌లో కలిపే) నూనె ఒకటుంది. మంచిదే. ట్రాక్ మీద తోలేవాళ్లు, కొత్తగా కట్టించిన ఇంజిన్ ఉన్నవాళ్లు ఆ ఖర్చు పెట్టుకోవచ్చు. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే బండికి ఎఫ్‌డీ సరిపోతుంది. ఆముదంతో చేసిన రేసింగ్ నూనెల జోలికి మాత్రం వెళ్లొద్దు. కాస్ట్రోల్ అనే పేరే క్యాస్టర్ నుంచి, అంటే మన పాలమూరు రైతులు పండించే ఆముదం నుంచి వచ్చింది. వేడిని బ్రహ్మాండంగా తట్టుకుంటుంది కానీ కాలాక జిగురు పూతలా అంటుకుంటుంది. చలిలో పెట్రోల్ నుంచి విడిపోతుంది కూడా.

ఇక కొలత. ఇంటి దగ్గర మిరప చేలో పవర్ స్ప్రేయర్‌కి 25:1 లెక్కన లీటరుకు 40 మి.లీ. కలిపేవాళ్లం. అక్కడ బేరింగులు కూడా ఆ నూనె మీదే బతకాలి. రోటరీలో బేరింగులకు సంప్ ఆయిల్ ఉంది, మనం తడపాల్సింది సీళ్లనే. మీటరింగ్ పంపు సవ్యంగా పనిచేస్తుంటే లీటరుకు 4 మి.లీ. చాలు, 50 లీటర్లకు 200. పంపు తీసేసిన బండికి 8 నుంచి 10 మి.లీ. కావాలి. అంతకు మించి పోస్తే ప్లగ్గులు మసిబారతాయి, పెట్రోల్ ఆక్టేన్ కూడా కాస్త తగ్గుతుంది. నూనె ముందు పోసి, పైన పెట్రోల్ పట్టించండి, ఆ వేగానికి అదే కలుస్తుంది.

కలుపుతున్నాం కదా అని డిప్‌స్టిక్ తీసి సంప్‌లో ఆయిల్ మట్టం చూడటం మానొద్దు. మీటరింగ్ పంపు తన వాటా తను తాగుతూనే ఉంటుంది. ఇంజిన్ వేడి మీద కంప్రెషన్ 250 ఆర్‌పీఎం దగ్గర 680 కిలోపాస్కల్ కన్నా తక్కువ వస్తుంటే ఏ నూనె పోసినా అది తిరిగి రాదు.

ఇంకొక్కటి. ఇన్నాళ్లూ టీసీ-డబ్ల్యూ3 వాడి ఇప్పుడు ఎఫ్‌డీకి మారాలనుకుంటే భయం లేదు, ట్యాంకులో మిగిలినదాని మీద పోసేయొచ్చు. ఆ రెండు నూనెలనూ ఒకే సీసాలో కలిపి మాత్రం దాచొద్దు. పెట్రోల్‌లో పలచబడకుండా కలిస్తే సంకలనాలు ఒకదానికొకటి పడక చిక్కగా ముద్దకట్టే ప్రమాదం ఉంది.