హాఫ్ ప్రెస్సా, బ్యాక్ బటనా? కొత్త మిర్రర్‌లెస్‌కు ఏది మేలు

తలంబ్రాలు పోసుకునే ఐదు నిమిషాల్లో కెమెరా సెట్టింగ్ మంచిదో కాదో తేలిపోతుంది. పెండ్లికూతురి ముఖానికీ మన లెన్సుకీ మధ్య పసుపు బియ్యం, ఈ మధ్య థర్మకోల్ గుండ్లు కూడా, వానలాగ పడుతుంటాయి, పక్కనుంచి మేనత్త చెయ్యి అడ్డం వస్తుంది, వీడియో వాళ్ల లైటు సూటిగా లెన్సులోకి కొడుతుంది, ఇంత గందరగోళంలో ఫోకస్ ఆ పిల్ల కంటి మీద నిలబడిందా, బియ్యం గింజ మీదికి దూకిందా అన్నదే లెక్క. మిగతా ఫీచర్లు ఎన్ని ఉన్నా నాకు తర్వాతే.

హన్మకొండలో పెండ్లిళ్లు తీస్తూ ఎనిమిదేళ్లు డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా) వాడాను, అదీ పూర్తిగా బ్యాక్ బటన్ ఫోకస్ మీదనే. ఆ అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారినప్పుడు కూడా పెట్టె విప్పిన గంటలోనే షట్టర్ నుంచి ఫోకస్ తీసేసి వెనక ఏఎఫ్-ఆన్ (ఆటోఫోకస్ మొదలుపెట్టే) బటన్‌కు ఇచ్చేశాను, అలవాటు అలాంటిది. ఇప్పుడు అట్లా చేయను. కొత్తగా కొన్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి, నేను తిరిగిన మూడు దారులూ చెప్తాను: కంపెనీ ఇచ్చినట్టే షట్టర్‌ను సగం నొక్కి ఫోకస్ చేయడం, పూర్తిగా వెనక బటన్‌కే ఫోకస్ అప్పగించడం, రెండింటినీ కలిపి పంచుకోవడం.

వెనక బటన్ పద్ధతి కొత్తదేం కాదు, కానన్ 1989లో ఈఓఎస్ 630 అనే ఫిల్ము కెమెరా మీద తెచ్చింది. డీఎస్ఎల్ఆర్ రోజుల్లో దానికి గట్టి కారణం ఉండేది. ఫోకస్ పాయింట్లన్నీ, అంటే కెమెరా ఫోకస్ చూసుకోగలిగే చోట్లన్నీ, ఫ్రేము మధ్యలో గుంపుగా ఉండేవి, వాటిలోనూ నమ్మదగ్గది నడిమి పాయింటే. అందుకని నడిమి పాయింటుతో కన్ను పట్టుకుని, బటన్ వదిలేసి, కెమెరాను పక్కకు తిప్పి ఫ్రేము కూర్చుకునేవాళ్లం. షట్టర్‌లోనే ఫోకస్ ఉంటే, వేలు ఎత్తి మళ్లీ నొక్కిన ప్రతిసారీ అది కొత్తగా వెతుక్కునేది, ఆ తలనొప్పి పోవడానికే వెనక బటన్.

ఆ తిప్పడంలో ఎంత పోయేదో అప్పట్లో లెక్క వేసుకోలేదు. ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సర్) మీద 85 ఎంఎం లెన్సు, దాని రంధ్రం ఎఫ్ 1.8కి తెరిచి, మనిషి 2 మీటర్ల దూరంలో ఉంటే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం కలిపి దాదాపు 6 సెంటీమీటర్లు, అంటే ముందు ఒక మూడు, వెనక ఒక మూడు. ఫోకస్ చేశాక కెమెరాను 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ ఉన్న తలం దాదాపు 7 సెంటీమీటర్లు జరిగిపోతుంది. కన్ను పట్టాననుకుంటాం, చెవి కమ్మలు మెరుస్తాయి. ఇంటికొచ్చి లెన్సు బాగాలేదని తిట్టుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ పాయింట్లు సెన్సర్ మీదే, దాదాపు ఫ్రేమంతా పరుచుకుని ఉంటాయి, కన్ను ఏ మూలన ఉన్నా కెమెరానే పట్టుకుంటుంది కాబట్టి తిప్పే పనే లేదు. అంటే వెనక బటన్‌కు ఉన్న పెద్ద కారణం అక్కడే సగం పోయింది.

మిగతా సగం మా చిన్నమ్మ కొడుకు పోగొట్టాడు. అప్పగింతల టైంలో ఫ్లాష్ బ్యాటరీలు అయిపోయాయి, రెండు నిమిషాలు పట్టమని వాడి చేతికి కెమెరా ఇచ్చి బ్యాగు దగ్గరికి పరిగెత్తాను. "అన్నా, నొక్కుతున్నగని ఫోకస్ అయితలేదు" అని వాడు అరుస్తూనే ఉన్నాడు, బ్యాండు మోతలో నాకు వినపడితే కదా. అరవై చిల్లర ఫొటోలు. అన్నిట్లోనూ వెనక మంటపం స్తంభానికి కట్టిన మామిడాకులు ఈనెలతో సహా స్పష్టంగా ఉన్నాయి, ఎందుకంటే నేను చివరిసారి ఏఎఫ్-ఆన్ నొక్కింది అక్కడ. ముందు తండ్రీ బిడ్డా ఏడుస్తున్నది మాత్రం మసక. తప్పు వాడిది కాదు, షట్టర్ నొక్కితే ఫోకస్ అవుతుందనే ఎవరైనా అనుకుంటారు. రెండో మనిషి చేతిలోకి వెళ్లే కెమెరాకు పూర్తి బ్యాక్ బటన్ పనికిరాదు, ఇందులో నాకిక అనుమానం లేదు.

అలాగని కంపెనీ సెట్టింగ్‌లోనే వదిలేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. ఫ్రేమంతా ఎక్కడైనా వెతుక్కోనిచ్చి, కన్ను గుర్తింపు ఆన్ చేసి ఉంచితే పదిలో ఎనిమిదిసార్లు మన కన్నా బాగానే పట్టుకుంటుంది. చిక్కల్లా ఆ మిగిలిన రెండుసార్లు ముఖ్యమైన క్షణాలు కావడమే. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పెండ్లికూతురు తల వంచుకుని ఉంటుంది, నుదుటి మీద బాసికం, కళ్లు కిందికి, పైన పూలు. కెమెరాకు ఆ ముఖం ముఖంలా కనపడదు. పక్కనే పంతులు గారు నిండుగా లెన్సు వైపే చూస్తూ మంత్రం చదువుతుంటారు, ఫోకస్ డబ్బా వెళ్లి ఆయన మీద కూర్చుంటుంది. మేడారం జాతరలో ఇంకా కష్టం, బంగారం (మొక్కు బెల్లం) ఎత్తుకుని అమ్మవార్ల గద్దెల వైపు నడిచే ఒక్క ముసలవ్వ కావాలి మనకు, కెమెరా ముందు రెండు వందల ముఖాలు, దుమ్ము. ఎవరిని పట్టాలో దానికి ఎట్లా తెలుస్తుంది?

అందుకే మూడో దారి. షట్టర్ సగం నొక్కితే ఎప్పటిలాగే కంటిన్యుయస్ ఫోకస్ (మనిషి కదిలినా వెంటాడుతూ ఉండేది), ఫ్రేమంతా, కన్ను గుర్తింపుతో. వెనక ఏఎఫ్-ఆన్ బటన్‌కు మాత్రం వేరే పని: నొక్కి పట్టినంతసేపూ చిన్న సింగిల్ పాయింట్, ముఖాల జోలి వద్దు, నేను చూపించిన చోటే. కెమెరా పంతులు గారి మీదికి పోయిందని వ్యూఫైండర్‌లో కనపడగానే బొటనవేలు కిందికి దిగుతుంది, పాయింట్ పెండ్లికూతురి బాసికం మీద, అంతే. వేలు తీస్తే మళ్లీ పాత పద్ధతి. నికాన్‌లో ఏఎఫ్ ఏరియా మోడ్, ఏఎఫ్ ఆన్ కలిపి ఒకే బటన్‌కు ఇచ్చే ఆప్షన్ చాలా బాడీల్లో ఉంది. సోనీలో రిజిస్టర్ చేసుకున్న ఏరియాను పట్టుకుంటే పిలిచే ఆప్షనో, కస్టమ్ హోల్డో (నొక్కి పట్టినంతసేపే దాచుకున్న సెట్టింగ్స్ తెచ్చేది) వాడుకోవచ్చు. కానన్‌లో చాలామంది దీన్ని తిప్పి పెట్టుకుంటారు, ఏఎఫ్-ఆన్‌కు సింగిల్ పాయింట్, పక్కనున్న నక్షత్రం గుర్తు (*) బటన్‌కు కన్ను గుర్తింపు, షట్టర్‌కు ఏమీ లేదు. చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ మామిడాకుల ప్రమాదం మళ్లీ మొదటికొస్తుంది, నాకొద్దు.

తలంబ్రాల సంగతి ఏ బటన్‌తోనూ తేలదు, దానికి మెనూలో వేరే మీట ఉంది: అడ్డం ఏదైనా వస్తే కెమెరా ఎంత త్వరగా దాని మీదికి మారాలి అన్నది. అంకెలు చూసి మోసపోవద్దు. సోనీలో 1 పెడితే పట్టిన మనిషిని వదలదు, 5 పెడితే చటుక్కున మారిపోతుంది. నికాన్‌లో తిరగబడి ఉంటుంది, 1 అంటే వెంటనే, 5 అంటే ఆలస్యంగా. కానన్‌లో మైనస్ వైపు పోతే అంటిపెట్టుకుంటుంది, అదంతా ఎందుకనుకుంటే కేస్ 2 అనే రెడీమేడ్ సెట్టింగ్ తీసుకుంటే చాలు, అడ్డంకులను పట్టించుకోకుండా ఉండటానికే పెట్టారు దాన్ని. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారినవాళ్లు పాత అంకె అలాగే పెట్టుకుని, కొత్త కెమెరా బియ్యం గింజల వెంట పరిగెడుతోందని కంప్లయింట్ చేయడం నేను చూశాను. సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర గుండ్రంగా తిరిగే ఆడవాళ్లలో ఒకరినే వెంటాడాలన్నా ఇదే మీట. ప్రతి రెండు సెకన్లకు ఎవరో ఒకరు ముందు నుంచి పోతూనే ఉంటారు, వదలకుండా పట్టుకునే వైపు పెట్టండి. బరాత్‌లో మాత్రం నేను మధ్యకు తెస్తాను, అక్కడ ఎవరు ఎప్పుడు ఎగురుతారో మనకే తెలియదు.

పూర్తి బ్యాక్ బటన్‌కు ఇప్పటికీ ఓటు వేసే చోటు ఒకటుంది: గుళ్లు. పాలంపేట రామప్ప గుడిలో చూరు కింద మదనికల (నిలువెత్తు స్త్రీ శిల్పాల) ముందు నిలబడితే కదిలేది ఏదీ లేదు, తొందర లేదు. ఒకసారి ఫోకస్ చేసి బటన్ వదిలేస్తే ఇరవై ఫొటోలు తీసినా అది కదలదు, ట్రైపాడ్ మీదైతే ఇంకా హాయి. కన్ను గుర్తింపు ఆన్‌లో ఉంటే రాతి ముఖాల మీద కూడా డబ్బా పెట్టేస్తుంది, మదనికకైతే సరే గానీ వరసగా చెక్కిన చిన్న చిన్న నాట్యకత్తెల దగ్గర ఒకదాని మీంచి ఒకదాని మీదికి దూకుతూ విసిగిస్తుంది, తీసేయండి. ఇంకో మాట, వేయిస్తంభాల గుడిలో పీఠం అడ్డపట్టీల మీద ఫోకస్ పెడితే ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుందని ఒకాయన కెమెరా రిపేరుకు ఇవ్వబోయాడు. దానికి ఏ రోగమూ లేదు. ఎక్కువ మిర్రర్‌లెస్ బాడీల్లో సెన్సర్ మీది ఫోకస్ పిక్సెళ్లు నిలువు గీతలనే బాగా పట్టుకుంటాయి, ఉత్త అడ్డగీతలుంటే తడబడతాయి. కెమెరాను కాస్త ఏటవాలుగా వంచి ఫోకస్ చేసుకుని మళ్లీ నిటారుగా పెట్టుకుంటే సరి.

పాఖాల చెరువు మీద పక్షులు తీసేవాళ్లకు కూడా నేను పంచుకునే పద్ధతే చెప్తాను, గడ్డి అడ్డం వచ్చినప్పుడు సింగిల్ పాయింట్ ప్రాణం కాపాడుతుంది. కాకపోతే గుర్తింపును పక్షికి మార్చడం, తిరిగొచ్చాక మళ్లీ మనిషికి మార్చడం మరిచిపోతాం కాబట్టి దాన్నొక బటన్‌కు ఇచ్చుకోండి.

మన సెట్టింగ్స్ మొత్తం దాచుకునే, మోడ్ డయల్ మీది సీ1, సీ2లు మేలా, కస్టమ్ బటన్లు మేలా అని కూడా అడుగుతుంటారు. రెండూ ఒకే పనికి కావు. మంటపంలోంచి బరాత్‌లోకి పోయినట్టు పూర్తిగా సీను మారితే డయల్, అదే సీనులో ఒక్క క్షణం వేరేది కావాలంటే బటన్. నాకు సీ1 మంటపం, సీ2 రాత్రి బరాత్. కానీ చాలా బాడీల్లో సీ1లో ఉండి మీరు మార్చినవి కెమెరా నిద్రపోయి లేచేసరికి మళ్లీ సేవ్ చేసినట్టుకే వెళ్లిపోతాయి. ఐఎస్ఓ (వెలుతురు సున్నితత్వం) తగ్గించానే, మళ్లీ ఎట్లా పెరిగింది అని తల గోక్కునే ముందు అది చూసుకోండి. మిగతా బటన్ల మీద పది పనులు పెట్టుకోవద్దు, నావి నాలుగే: సింగిల్ పాయింట్, మనిషి-పక్షి మార్పు, కన్ను గుర్తింపు ఆన్ ఆఫ్, జాయ్‌స్టిక్ నొక్కితే పాయింట్ నడిమికి. ఐదోది పెట్టాను, ఏం పెట్టానో మర్చిపోయాను, తీసేశాను.

అన్నీ కుదిరాక ఆ సెట్టింగ్స్ మొత్తం మెమరీ కార్డులోకి సేవ్ చేసి, ఆ ఫైలు ఇంట్లో లాప్‌టాప్‌లో కూడా పెట్టుకోండి, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేటో రీసెట్టో జరిగితే మళ్లీ ఒక ఆదివారం పోకుండా ఉంటుంది. మా తమ్ముడి చేతికి కెమెరా మళ్లీ ఇస్తున్నాను, వెనక బటన్ల మీద వేలు పెట్టకు, షట్టర్ ఒక్కటే నొక్కు అని చెప్పి.