పారిస్‌లో పేట బ్రాసరీ భోజనం: ఏ పూట, ఏ చోట, ఎంత

పారిస్ వెళ్లొచ్చిన మనవాళ్లని తిండి సంగతి అడిగితే ఎక్కువగా రెండే మాటలు వినిపిస్తాయి. ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతాయని ఒకటి, సర్వర్లు మొహం మాడ్చుకుని ఉంటారని ఇంకొకటి. అందుకే చాలామంది ఈఫిల్ టవర్ చూసి, ఒక పూట ఇండియన్ రెస్టారెంట్లో తిని, మిగతా పూటలు శాండ్‌విచ్‌లతో గడిపేసి వచ్చేస్తారు. మేం అలా చేయదలుచుకోలేదు. పొద్దున, రాత్రి గదిలోనే వండుకుని, రోజుకి ఒక్క పూట మాత్రం మంచి చోట తీరిగ్గా కూర్చుని తిందామని బయల్దేరకముందే అనుకున్నాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పారిస్‌లో డబ్బు పెట్టి తినాలంటే గైడ్ పుస్తకాలకెక్కిన చోటికన్నా, మనం దిగిన పేటలో ఆ పేటవాళ్లే తినే కాస్త ఖరీదైన బ్రాసరీ, అంటే ఒక రకం ఫ్రెంచి భోజనశాల, మేలు. అదీ మధ్యాహ్నం పూట.

వెళ్లింది నేను, మా ఆయన, మా అత్తగారు. మాది కాకినాడ. మేమిద్దరం చేప, కోడి తింటాం, గొడ్డుమాంసం ముట్టం. మావయ్యగారు పోయాక అత్తగారు నీచు మానేశారు, గుడ్డు కూడా తినరు. ఈ ముగ్గురికీ ఒకే బల్ల మీద కడుపు నిండటం అనేది పారిస్‌లో చిన్న విషయం కాదు.

బస 11వ ఆరోందీస్మాన్‌లో (నగరాన్ని విభజించిన వార్డుల్లాంటివి ఇవి), బాస్టీల్ కూడలికి రిపబ్లిక్ కూడలికి మధ్య. చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్. గది ఇరుకే, లిఫ్ట్‌లో సూట్‌కేసుతో ఒక్కరే పడతారు, కానీ పెద్దవాళ్లని తీసుకెళ్లేవారికి ఈ ప్రాంతం గట్టిగా చెబుతాను. నేల చదునుగా ఉంటుంది, కొండ మీదున్న మోన్‌మార్త్ర్ పేటలోలా మెట్లు ఎక్కి దిగే పని లేదు. బాస్టీల్ నుంచి ఒకటో నంబర్ మెట్రో ఎక్కితే నేరుగా లూవ్ర్ మ్యూజియం. గురువారం, ఆదివారం రిషార్-లెన్వార్ బూల్వార్ అనే వెడల్పాటి రోడ్డు మీద పెద్ద సంత జరుగుతుంది, కూరగాయలు, పళ్లు అక్కడే కొనుక్కున్నాం. బస గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

బ్రాసరీలంటే మొదట్లో బీరు చుట్టూ పెరిగిన భోజనశాలలు. జర్మనీని ఆనుకుని ఉన్న అల్సాస్ ప్రాంతం వాళ్లు పారిస్‌కి తెచ్చారు. 1870-71 యుద్ధంలో ఫ్రాన్స్ ఓడి అల్సాస్ జర్మనీ పరమయ్యాక అక్కణ్ణించి వలస ఎక్కువైంది, ఈ హోటళ్లూ పెరిగాయి. పులియబెట్టిన క్యాబేజీ మీద పందిమాంసం పేర్చి పెట్టే షూక్రూట్ అనే వంటకం ఇప్పటికీ చాలా పాత బ్రాసరీల మెనూల్లో ఉండటానికి కారణం అదే. మనలాంటి ప్రయాణికులకి బ్రాసరీతో అసలు లాభం వేరే ఉంది. మామూలు ఫ్రెంచి రెస్టారెంట్లలో మధ్యాహ్నం రెండు, రెండున్నర దాటితే వంటగది మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడు తర్వాతే. బ్రాసరీల్లో చాలావాటిలో పొద్దుపోయేదాకా ఏదో ఒకటి వడ్డిస్తూనే ఉంటారు. మ్యూజియంలో ఆలస్యమై మూడింటికి ఆకలితో బయటికి వచ్చినవాళ్లకి ఆ విలువ తెలుస్తుంది.

పేరున్నవాటిలో మేం వెళ్లింది బోఫింగర్‌కి. 1864లో అల్సాస్ నుంచి వచ్చిన ఫ్రెడెరిక్ బోఫింగర్ పెట్టింది, బాస్టీల్ కూడలి పక్క సందులోనే ఉంది. 1989లో తెరిచిన బాస్టీల్ ఒపేరా హౌస్ నడిచేంత దూరం, కాబట్టి రాత్రి పూట ప్రదర్శన చూసి వచ్చేవాళ్లతో హాలు కళకళలాడుతూ ఉంటుంది. లోపల రంగుటద్దాల గుమ్మటం ఉంది. దాని కింద బల్ల దొరికితే తల ఎత్తి చూడకుండా ఉండలేం. అత్తగారు మెనూ పక్కన పెట్టి చాలాసేపు దాన్నే చూశారు. మా ఆయన పందిమాంసం బదులు చేపలు వేసిన షూక్రూట్ తెప్పించుకున్నారు, బాగుందన్నారు. అయినా నేనైతే అక్కడికి ఆ హాలు కోసం వెళ్లమంటాను. ఒక్కసారి, రాత్రి పూట, ముందే టేబుల్ బుక్ చేసుకుని, ఆ గుమ్మటం కిందే కావాలని అడిగి మరీ.

మోన్‌పర్నాస్ పేటలో లా కూపోల్ అని 1927లో తెరిచిన పెద్ద బ్రాసరీ ఉంది. చిత్రకారులు బొమ్మలు వేసిన స్తంభాలకి ఎంత పేరో, అక్కడి మెనూలో ఉన్న ‘ఇండియన్ తరహా’ గొర్రెపిల్ల మాంసం కూరకీ అంత పేరు. మనవాళ్లు ఆ పేరు చూసి ఆశపడతారు. ఫ్రాన్స్‌వాళ్ల నోటికి తగ్గట్టు వాళ్లు చేసుకున్న కూర అది, మన మటన్ కూర కాదు. అలా అనుకుని తింటే చరిత్రలో ఒక ముక్క రుచి చూసినట్టు ఉంటుంది.

అసలు చెప్పాలనుకున్నది మా బసకి నాలుగు అడుగుల దూరంలో, మూల మలుపు మీద ఉన్న బ్రాసరీ గురించి. ఇత్తడి కడ్డీలు, గోడ పొడవునా అద్దాలు, ముదురు ఎరుపు తోలు సోఫాలు, తెల్ల గుడ్డ పరిచిన బల్లలు, పొడవాటి ఏప్రాన్లు కట్టుకున్న సర్వర్లు. చూడగానే ఇది మన బడ్జెట్ కాదనిపిస్తుంది. కానీ గోడకి వేలాడదీసిన నల్ల పలక మీద ఆ రోజు వంటకాలు సుద్దముక్కతో రాసి ఉన్నాయి. స్టార్టర్, మెయిన్ కలిపి గానీ, మెయిన్, డెజర్ట్ కలిపి గానీ 26 యూరోలు. దీన్ని ఫార్ములా అంటారు, ఎక్కువగా పనిరోజుల్లో మధ్యాహ్నమే ఉంటుంది. అదే బల్ల మీద రాత్రి మెనూ కార్డు చూసి ఆర్డర్ ఇస్తే ఒక్క మెయిన్ డిష్‌కే దాదాపు అంత అవుతుంది. వంటగది అదే, వంటవాళ్లు వాళ్లే. అందుకే మధ్యాహ్నం అంటున్నాను.

ఇంకొకటి కూడా చూశాను. పలక మీద, మెనూలో కొన్ని పేర్ల పక్కన గిన్నె మీద ఇంటికప్పు పెట్టినట్టు చిన్న గుర్తు ఉంది. ముడి సరుకు తెచ్చి ఇక్కడే వండామని చెప్పే గుర్తు అది, 2014 నుంచి చట్టప్రకారం వాడుతున్నారు. చూడ్డానికి గొప్పగా ఉన్న చోట కూడా ఫ్యాక్టరీలో వండిన ప్యాకెట్లు వేడి చేసి పెట్టే అవకాశం ఉంది కాబట్టి, నేను ఇప్పుడు హంగులకన్నా ఈ గుర్తు కోసమే ముందు వెతుకుతాను.

పన్నెండుంపావుకి వెళ్లాం. ఒంటిగంటకల్లా హాలు నిండిపోతుంది, వచ్చేవాళ్లంతా చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు, పేటలోని ముసలి దంపతులు. లోపలికి వెళ్తూనే బోంజూర్ అని పలకరించాలి, ఇది మర్యాదకి మొదటి మెట్టు. పలకరించకుండా నేరుగా ‘టేబుల్ ఫర్ త్రీ’ అంటే వాళ్లకి చిన్నతనంగా ఉంటుంది, మొహాలు మాడటం అక్కడే మొదలవుతుంది. మా అత్తగారి పుట్టిల్లు యానాం పక్క ఊరు. 1954 దాకా యానాం ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉండేది, అక్కడ ఫ్రెంచి పెన్షన్ తీసుకునే కుటుంబాలను ఆవిడ చిన్నప్పటి నుంచి ఎరుగుదురు. బోంజూర్ అనే ఆ ఒక్క మాటా మా అందరికంటే ఆవిడే బాగా పలికారు.

సర్వర్‌కి యాభై ఏళ్లు ఉంటాయి. అత్తగారు మాంసం, చేప, గుడ్డు తినరని చెప్పాను. నేను ఉల్లిపాయ సూప్ అడగబోతుంటే ఆయనే ఆపి, మేడమ్‌కి అది వద్దు, గొడ్డు ఎముకల రసంతో చేస్తాం అన్నాడు. శాకాహారులు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. పేరు ఉల్లిపాయ సూప్ అయినా పాత పద్ధతిలో చేసేది ఆ రసంతోనే. తర్వాత వంటగదిలోకి వెళ్లి అడిగి వచ్చి, కార్డులో లేని ప్లేటు ఒకటి తెచ్చాడు. పల్చగా తరిగిన బంగాళాదుంపలు పాలు, మీగడలో కాల్చిన గ్రాతాన్ దోఫినువా, వెన్నలో మగ్గించిన పచ్చి చిక్కుళ్లు, పక్కన ఆకుకూరల సలాడ్. అత్తగారు మొదట కొంచెం అంచున తీసుకున్నారు. “ఇదేంటమ్మా, మన పాలు పోసి వండిన సొరకాయ కూరలా కమ్మగా ఉంది” అన్నారు. ప్లేటు ఖాళీ చేశారు. మేక పాల చీజ్ కాల్చి రొట్టె మీద పెట్టే సలాడ్ కూడా ఉంది. కానీ ఫ్రాన్స్‌లో చాలా చీజ్‌లను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తినాలి. మేం ఆవిడకి చెప్పాం, ఆవిడ వద్దన్నారు.

మా ఆయన ఫార్ములా కాదని సోల్ మ్యూనియేర్ తెప్పించుకున్నారు. సోల్ అంటే అరచెయ్యి వెడల్పున, బల్లపరుపుగా ఉండే సముద్రపు చేప. పిండిలో పొర్లించి వెన్నలో వేయిస్తారు. చేపని నిలువునా తెచ్చి ముందు మాకు చూపించి, పక్కన చిన్న బల్ల మీద పెట్టాడు సర్వర్. ఒక చేత్తో చెంచా, ఇంకో చేత్తో ఫోర్కు. ముందు రెండు అంచుల వెంట ఉన్న సన్న ముళ్లని చెంచా అంచుతో లాగేశాడు. తర్వాత నడుమ గీత వెంట చెంచా పోనిచ్చి పైకండ రెండు ముక్కలనీ అటూ ఇటూ జరిపాడు. తోక దగ్గర ఫోర్కు దూర్చి ఎత్తితే నడుముల్లు మొత్తం ఒక్క పట్టున తలదాకా లేచి వచ్చింది. కింద కండ అలాగే ఉంది, పైముక్కలు మళ్లీ దాని మీద సర్దాడు. పళ్లెంలోని ఎర్రబడిన వెన్నని చేప మీద పోసి, నిమ్మచెక్క పెట్టి ఇచ్చాడు. చేప మానేసి ఏళ్లయినా అత్తగారి కళ్లు దాని మీదే ఉన్నాయి. “చూశావురా, ఒక్క ముల్లు విరగలేదు” అన్నారు కొడుకుతో. గోదావరి చేపలు బాగు చేసిన చెయ్యి ఆవిడది, ఆ మెచ్చుకోలు ఊరికే రాదు. నిజమే, ఆ ఒక్క ప్లేటు 40 యూరోలు దాటింది. చేప తాజాదనానికి, ఆ పనితనానికి కలిపి అది న్యాయమైన ధరే అంటాను.

నేను ఫార్ములాలో వచ్చిన కోడి తిన్నాను. చర్మం కరకరలాడుతూ, లోపల మెత్తగా బాగుంది. కారం కావాలంటే ఆవపిండి ముద్ద అడగాలి, డిజోన్ ఆవ ముక్కుకి బాగానే ఎక్కుతుంది. డెజర్ట్‌ల దగ్గర గుడ్డు తిననివాళ్లకి ఇబ్బందే. క్రెమ్ బ్రూలే, చాక్లెట్ మూస్, తేలే దీవి అని పిలిచే ఇల్ ఫ్లోతాంత్, అన్నిట్లోనూ గుడ్డే. అత్తగారికి నిమ్మ సోర్బే ఇప్పించాం, అది పాలు కూడా లేని పళ్లరసపు ఐస్.

సర్వీస్ గురించి వివరంగా చెప్పాలి, మనవాళ్లకి టెన్షన్ అంతా అక్కడే. తినడం అయ్యాక అరగంట కూర్చున్నా బిల్లు రాదు. నిర్లక్ష్యం అనుకుంటాం, కానీ అడగకుండా బిల్లు తెస్తే లేవమన్నట్టు అవుతుందని వాళ్ల లెక్క. ఆ బల్ల ఆ పూటకి మనదే. నాకు ఈ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను. మన దగ్గర మంచి హోటల్లో ఆదివారం తింటుంటే వెనకాల నిలబడే జనం గుర్తొచ్చింది. మెనూలో రాసిన ధరలోనే పన్ను, 15 శాతం సర్వీస్ కలిసి ఉంటాయి. పైన టిప్పు ఇవ్వాలన్న రూలు లేదు, తృప్తిగా అనిపిస్తే రెండు మూడు యూరోలు బల్ల మీద ఉంచుతారు. రొట్టె బుట్టకి డబ్బు తీసుకోరు. మంచినీళ్లు ఉత్తినే అడగవచ్చు, కాకపోతే ‘కరాఫ్ దో’ అని అడగాలి, కూజాలో కుళాయి నీళ్లు ఇస్తారు. వట్టి ‘వాటర్’ అంటే సీసా వస్తుంది.

ఈ తేడా మాకు ఇంకో చోట బాగా తెలిసొచ్చింది. పెద్ద టూరిస్టు కట్టడం ఎదురుగా, ఫొటోల మెనూ ఉన్న హోటల్లో కూజా నీళ్లు అడిగితే విననట్టు సీసా తెచ్చి 7 యూరోలు వేశారు. కార్డు మెషిన్ మీద టిప్పు ఎంత శాతమో నొక్కమన్నారు. మెనూ అరడజను భాషల్లో ఉండి, బయట నిలబడి లోపలికి పిలిచే మనిషి ఉన్నాడంటే అక్కడ తినకండి. పేటవాళ్లు తినే చోట పిలిచే అవసరమే ఉండదు.

పంచుకుని తినే మన అలవాటుకి ఇబ్బందేమీ రాలేదు. ఖాళీ ప్లేటు అడిగితే మారుమాట లేకుండా ఇచ్చాడు. కానీ ముగ్గురు కూర్చుని ఒక్క ప్లేటు మాత్రమే ఆర్డర్ ఇవ్వడం మాత్రం బాగుండదు. మిగిలితే కట్టి ఇమ్మనండి, 2021 జూలై నుంచి అడిగినవాళ్లకి డబ్బా ఇవ్వాలని అక్కడ చట్టమే ఉంది.

కాఫీలతో కలిపి బిల్లు వంద యూరోలు కొంచెం దాటింది. మన డబ్బులో పదివేల పైమాటే. తక్కువేం కాదు. అంత పెట్టలేని పూట గ్రాన్ బూల్వార్ దగ్గర 1896 నుంచి నడుస్తున్న బుయ్యోన్ షార్తియే అనే చౌక భోజనశాల ఉంది. బల్ల మీద పరిచిన కాగితం మీదే లెక్క రాసి ఇస్తారు, ఇందులో సగం కూడా అవదు. అయితే క్యూ పెద్దది, తెలియనివాళ్లతో బల్ల పంచుకోవాలి, పెద్దవాళ్లకి కష్టం. అత్తగారితో వెళ్లేటప్పుడు నేను పేట బ్రాసరీకే ఓటేస్తాను, డబ్బు ఆదా కోసం ఆ రోజు రాత్రి గదిలో పెరుగన్నం తింటే సరిపోతుంది.

వెళ్లే నెల చూసుకోండి. ఆగస్టులో పేటల్లోని మంచి హోటళ్లు చాలావరకు వారాల తరబడి సెలవులకి మూసేస్తారు, కొన్నిటిని ఆదివారాలూ తెరవరు. పూర్తి శాకాహారులు ఉంటే ముందురోజు సాయంత్రం రద్దీ లేనప్పుడు స్వయంగా వెళ్లి చెప్పి టేబుల్ రాయించుకోండి. ఫోన్‌లో చెప్పినదానికన్నా మనిషి ఎదురుగా నిలబడి చెబితే వంటగది దాకా చేరుతుంది.