చంద్రపూర్ కోట గేట్లు: గైడ్ లేకుండా ఒక నడక

మా బల్లార్షా వైపు తెలుగువాళ్లు మహారాష్ట్రలోని చంద్రపూర్ వస్తే మహాకాళి అమ్మవారి దర్శనం చేసుకుని తిరుగు బస్సెక్కేస్తారు. ఈసారి ఒక పూట ఆగి పాత ఊరు నడిచి చూడండి. ఫోన్‌లో మ్యాప్ ఉంటే చాలు, గైడ్ అక్కర్లేదు.

పాత ఊరి చుట్టూ ఉన్న కోటగోడ గేట్లలో ఒకటైన జట్‌పురా గేటు దగ్గర నేను మొదలుపెట్టాను. ఆటోల రొదలో ఎవరూ తలెత్తి చూడరు గానీ, పైన రాతిలో ఏనుగును అణగదొక్కిన సింహం ఉంటుంది. అది గోండు రాజుల చిహ్నం. 1751లో నాగపూర్ భోంస్లేల చేతికి పోయేదాకా ఈ ఊరు వాళ్లదే.

అసలు చూడాల్సింది అంచలేశ్వర్ గేటు పక్కన ఉంది. భర్త, గోండు రాజు బీర్‌షా కోసం రాణి హీరాయి కట్టించిన సమాధి అది. నీడలో తీరిగ్గా కూర్చోండి, శిల్పాలు దగ్గరగా చూడండి. పక్కనే ఝర్‌పట్ నది మాత్రం నేను వెళ్లినప్పుడు గుర్రపుడెక్కతో నిండి ఉంది, చూస్తే కడుపు తరుక్కుపోయింది.

పఠాన్‌పురా, బిన్‌బా గేట్లు ఓపికుంటేనే. మహాకాళి చైత్ర జాతరకు ఇంతమంది తెలుగువాళ్లు వస్తారే, ఒక్క తెలుగు బోర్డయినా పెట్టాలి! మేలో మాత్రం వద్దు, ఎండకు తట్టుకోలేరు. చలికాలం పొద్దున్నే వెళ్లండి.