పన్నెండేళ్ల జెడ్ స్కేల్: నాకు కావలసింది కొత్త ఇంజిన్ కాదు, కార్బన్ బ్రష్

మా ఇంట్లో మంచం కింద ఒక రైల్వే స్టేషన్ ఉంది. 110 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక మీద డబుల్ లైను, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే నాలుగు పాయింట్లు, చిన్న యార్డు. లోపలి వంపు వ్యాసార్థం 195 మిల్లీమీటర్లు, బయటిది 220. ఆదివారం పొద్దున పలకను బయటికి లాగి డైనింగ్ టేబుల్ మీద పెడితే అయిదు నిమిషాల్లో బండి కదులుతుంది. ఇది జెడ్ స్కేల్, అంటే అసలు రైలును 220వ వంతుకు కుదించిన మోడల్ రైలు. సికింద్రాబాద్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండే మనిషికి జెడ్ స్కేల్ ఇచ్చినంత రైల్వే మరే స్కేలూ ఇవ్వలేదని నా గట్టి నమ్మకం. మా నాన్నగారు కాజీపేట లోకో షెడ్‌లో పనిచేశారు. రైలంటే నాకు ఎందుకింత ఇదో ఆ ఒక్క మాట చాలు.

2012లో స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు మొదటి ఇంజిన్ కొన్నాను. అప్పటినుంచి ఒకే మాట వింటున్నాను: ఈ స్కేల్ పెరగాలి, కొత్త మోడళ్లు రావాలి, కొత్తవాళ్లు చేరాలి, లేకపోతే పోతుంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నా మనసు మార్చింది 2021లో ఆగిపోయిన ఒక మూడు ఇరుసుల ఆవిరి ఇంజిన్.

కోవిడ్ రోజుల్లో దాదాపు ఏడాదిన్నర పలకను బయటికి తీయలేదు. వానాకాలంలో ఒకరోజు తీసి కరెంటు ఇస్తే ఇంజిన్ సన్నగా గుయ్‌మంది, కదల్లేదు. పట్టాల మీద దుమ్మేమో అనుకున్నాను. ఈ స్కేల్‌లో ఇంజిన్లు మరీ తేలిక, చక్రం పట్టాకు గట్టిగా ఆనదు, కాస్త మురికి ఉన్నా కరెంటు అందదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలు, చక్రాలు తుడిచాను. ఓ జానెడు నడిచి పాయింటు మీద మళ్లీ ఆగింది. అప్పుడు చేయకూడని పని చేశాను: వేగం పెంచే కంట్రోలర్ నాబ్ పూర్తిగా తిప్పేశాను. పది వోల్టుల మోటార్, కదలకుండా బిగుసుకుని ఉంది. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

ఎవరికి చూపించాలో తెలియక మోండా మార్కెట్ దగ్గర వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, పైకప్పు విప్పి, పళ్లచక్రాల దగ్గర సూదితో గీకారు.

"దీంట్ల నూనె ఎప్పుడు వేసిన్రు సార్?"

"కొన్న కొత్తలో ఒకసారి వేశాను చాచా. తర్వాత వెయ్యలేదు."

"ఇది నూనె కాదు సార్, బంక అయింది."

వాచీలు కడిగే పెట్రోల్‌లో ముంచబోతుంటే కంగారుగా ఆపాను, కొన్ని చక్రాలు ప్లాస్టిక్‌వి కదా. నా సీసాలోని ఆల్కహాల్‌తోనే కడిగారు. సూది మొన మీద ఎంత నిలుస్తుందో అంతే నూనె పెట్టారు. చక్రాలు చేత్తో తిప్పితే హాయిగా తిరిగాయి. కానీ నేను నాబ్ తిప్పిన పాపం మోటార్‌లో మిగిలిపోయింది. మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్ ఒకవైపు దాదాపు కాలిపోయింది. బియ్యపు గింజంత కూడా లేని ముక్క.

ఆ ముక్క కోసం ఎనిమిది నెలలు తిరిగాను. డబ్బు కట్టించుకున్న దుకాణం ఒకటి నాలుగు నెలలు రేపూ మాపూ అని, చివరికి స్టాక్ లేదని డబ్బు వెనక్కి పంపింది. మరో దుకాణం అసలు జవాబే ఇవ్వలేదు. ఆ ఎనిమిది నెలల్లో కొత్త ఇంజిన్ల ప్రకటనలు మాత్రం ఎన్నో చూశాను. కొందామన్నా, మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి వెళ్లింది. మోడల్ రైళ్లూ ఆ పద్దులోకే వస్తాయి. చివరికి మా బావమరిది జర్మనీ నుంచి వస్తూ మూడు జతల బ్రష్‌లు తెచ్చాడు. బిగించిన పది నిమిషాలకు ఇంజిన్ ఏడు పెట్టెలను లాగింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

అందుకే పెరగాలి అన్నప్పుడు ఏం పెరగాలి అని అడుగుతున్నాను. 1972లో జర్మనీ కంపెనీ మెర్క్‌లిన్ ఈ స్కేల్‌ను తెచ్చినప్పటినుంచి ఇది చిన్న గుంపుదే. అదే మెర్క్‌లిన్ 2009లో దివాలా పిటిషన్ వేసినప్పుడు కూడా ఆ గుంపు చెదరలేదు. తర్వాత జపాన్ నుంచి రోకుహాన్ అనే కంపెనీ కంకర పరుపుతో కలిసిన పట్టాలు తెచ్చింది. అది నిజంగా పనికొచ్చిన ఎదుగుదల, నా యార్డులో సగం అవే. 2022లో హార్న్‌బీ కంపెనీ బ్రిటన్‌లో జెడ్ కంటే పెద్దదైన టీటీ స్కేల్‌ను ఆర్భాటంగా మొదలుపెట్టింది. ఆ దారి జెడ్‌కు అవసరమని నాకు అనిపించదు. కొత్త ఇంజిన్లలో వచ్చే, తిరిగే భాగంలో ఇనుము లేని కోర్‌లెస్ మోటార్లు నెమ్మదిగా, ఎంతో అందంగా నడుస్తాయి, ఒప్పుకుంటాను. కానీ వాటిలో బ్రష్ అరిగితే మార్చుకునే వీలు లేదు, మోటారే మార్చాలి. ఆ మోటార్ పదేళ్ల తర్వాత దొరుకుతుందా అన్నదే నా టెన్షన్.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అయిదు నిమిషాల్లో బండి కదులుతుందని మొదట రాశాను. అది నెలకోసారైనా నడిపే పట్టాలకే వర్తిస్తుంది. నెల దాటితే ముందు అరగంట తుడవాలి. పైగా నాకు 47 ఏళ్లు, చత్వారం వచ్చింది, పెట్టెను పట్టాల మీద నిలబెట్టడానికి కళ్లద్దాలు, ఏటవాలు పలక రెండూ కావాలి. మన బ్రాడ్‌గేజ్ రైళ్లు ఈ స్కేల్‌లో రెడీమేడ్‌గా నాకు ఇంతవరకు కనబడలేదు. కాజీపేట యార్డు కావాలనుకునేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది.

పెద్ద ఇల్లుండి, చిన్నపిల్లలు ఆడే ఇల్లయితే నేను ఇంతకంటే పెద్ద స్కేల్ అయిన హెచ్‌ఓనే కొనమంటాను. నాలాగా మంచం కింద తప్ప చోటు లేనివాళ్లు, విదేశాల నుంచి వచ్చిపోయే బంధువు ఒకరున్నవాళ్లు జెడ్ తీసుకోవచ్చు. కొత్తవాళ్లు ఎవరూ చేరకపోతే ఆ బ్రష్‌లు మాత్రం ఎవరు చేస్తారని మా ఆవిడ అడిగింది. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ప్రస్తుతానికి డబ్బాలో రెండు జతలున్నాయి. ఈ డిసెంబర్‌లో బావమరిది వస్తున్నాడు, ఇంకో నాలుగు జతలు తెమ్మని చెప్పాను.